నీళ్ళు పోయని బండిలో నీళ్ళు

మాది గద్వాల అని చెప్పగానే ఎదుటి ఆడవాళ్ళ కళ్ళు నా చీర అంచు మీదికి దిగుతాయి. "మంచిది ఒకటి చూసి పంపరాదూ, డబ్బు పంపిస్తాను" అంటారు. నూలు చీరకి పట్టు అంచూ పట్టు కొంగూ అతికే నేర్పు మా ఊరి నేతవాళ్ళది కాబట్టి ఆ అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఇవాళ నేను చెప్పబోయేది చీరల సంగతి కాదు. ఓ పాత మోటారు సైకిలు సంగతి. అందులోనూ దాని సైలెన్సర్ గొట్టంలోంచి కారిన నీటి చుక్కల సంగతి. అప్పుడే పేజీ తిప్పేయకండి. ఈ కథలో ముగ్గు ఉంది, గ్యాసు పొయ్యి ఉంది, ఆడవాళ్ళ ముఖం చూడటానికి భయపడిన ఓ గొప్ప శాస్త్రజ్ఞుడున్నాడు, ఆడవాళ్ళ కోసం రసాయన శాస్త్రం రాసిన ఓ ఇల్లాలు కూడా ఉంది.

1995 డిసెంబరు. ధనుర్మాసం. తెల్లవారుజామున లేచి, వాకిట్లో కళ్ళాపి చల్లి, ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు వేశాను. నడుం పట్టేసినా ముగ్గు బాగా కుదిరిందని మురిసిపోతూ లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చేసరికి, ఆ ముగ్గులో నేను పెట్టని చుక్కలు కనిపించాయి. నల్లటి చుక్కలు! పక్కనే మా వారు మామయ్యగారి బుల్లెట్టుని స్టార్టు చేసి నిలబెట్టారు. డుగ్ డుగ్‌మని మోగుతున్న ఆ బండి వెనక గొట్టం మూతి నుంచి టప్ టప్‌మని నల్లటి నీళ్ళు పడుతున్నాయి.

"ఆయిల్ కారుతోందండీ" అన్నాను.

ఆయన వంగి వేలితో అద్ది చూసి, "ఆయిల్ కాదు, నీళ్ళు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో రంగు మారింది. ముగ్గు పాడైనందుకు నాకున్న కోపం ఆ ముఖం చూసి చల్లారిపోయింది.

ఎందుకో చెప్పాలంటే ఆ బండి చరిత్ర కొంచెం చెప్పాలి.

మా మామయ్యగారు స్కూళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. ఆ రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలో తాలూకాలు. ఇప్పుడు మూడూ మూడు జిల్లాలయ్యాయి, 2016లో. మామయ్యగారికి మాత్రం మూడూ కలిపి ఒకే ఊరన్నట్టుండేది. ఎక్కడ ఏ బడి పైకప్పు కారుతోందో, ఏ పంతులు బడి వేళకి చేలో ఉంటాడో ఆయనకి తెలుసు. బస్సుల కోసం ఎదురు చూసి విసిగిపోయి, 1964లో బుల్లెట్టు కొన్నారు. ఇంగ్లండులో పుట్టిన ఆ బండిని మన సైన్యం కోరి తెప్పించుకోవడం, 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో దాని తయారీ మొదలవడం అప్పటికి ఇంకా కొత్త సంగతులే. అత్తమ్మ పుస్తెల తాడు తప్ప మిగతా బంగారమంతా ఆ బండి కిందికే వెళ్ళిందని, ఆవిడ పోయేదాకా చెబుతూనే ఉండేది. ఫిర్యాదులా మొదలుపెట్టేది కానీ, చివరికొచ్చేసరికి అది గొప్పగా మారిపోయేది.

మామయ్యగారు రిటైరైన తర్వాత కూడా ఒక అలవాటు వదల్లేదు. వారం పొడుగునా బండిని ముట్టేవారు కాదు. బజారుకి నడిచే వెళ్ళేవారు. ఆదివారం పొద్దున్నే తీసి వనపర్తి దాకా వెళ్ళి వచ్చేవారు, ఒక్కో వారం నాగర్‌కర్నూలు దాకా కూడా. "పనేమైనా ఉందా మామయ్యా?" అంటే "నాకు లేదమ్మా, బండికుంది" అనేవారు. పెద్దవాళ్ళ చాదస్తం అని నవ్వుకునేవాళ్ళం.

1991లో ఆయన పోయారు. మా వారు పైకి ఏడవలేదు. కానీ పదకొండో రోజు అయిన మర్నాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నారు. పొద్దున్నే ముఖం కడుక్కోగానే బండి దగ్గరికి వెళ్ళి, కిక్కు కొట్టి, రెండు నిమిషాలు ఇంజను నడిపి ఆపేయడం. ఎక్కడికీ వెళ్ళరు. స్టాండు మీదే. ఆయనకది సంధ్యావందనం లాంటిది. ఆ రెండు నిమిషాలూ ఎవరూ పలకరించకూడదు. నాలుగేళ్ళు ఒక్కరోజు తప్పలేదు. అలాంటి బండిలోంచి నీళ్ళు కారుతుంటే ముఖం మారదూ మరి?

ఊళ్ళో ఒక మెకానిక్‌ని పిలిపించారు. పేరెందుకు లెండి. అతను గొట్టం కింద అరచెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపి, "లోపటికి నీళ్ళు దిగినయ్ సారూ. హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజను మొత్తం ఇప్పాలె. ఇప్పినంక ఏమేం పోయినయో అప్పుడు చెప్త" అన్నాడు. ఎంతవుతుందంటే ఆరేడు వేలన్నాడు. మా వారి రెండు నెలల జీతంలో పెద్ద ముక్కే అది. "పాత బండికి అంత పెట్టుడెందుకు సార్? నాగర్‌కర్నూల్ల ఒకాయన పాత బండ్లు కొంటడు. నేను చెప్తే మంచి రేటిస్తడు. నడిచినన్ని రోజులు నడుస్తది, ఆగిపోకముందే ఇచ్చేయుండ్రి" అని సలహా కూడా చెప్పాడు. అప్పట్లో మా పిల్లవాడు ఇంజనీరింగులో చేరాడు. హాస్టలు ఫీజు కట్టాలి. మా వారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, "వచ్చే ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చేస్తా" అన్నారు.

నేనూ వస్తానన్నాను. దారిలో వనపర్తిలో చిన్నాయన ఉన్నాడు. అత్తమ్మకి తమ్ముడు, మా వారికి మేనమామ, నాకు వరసకి చిన్నాయన. బండి పోయే ముందు ఆయనకొక్కసారి చూపించాలని నాకనిపించింది. బండికి కూడా బంధువులుంటారు కదా.

ఆ ఆదివారం చలిలో బయలుదేరాం. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర పెద్ద రోడ్డెక్కి, బీచుపల్లి ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, వంతెన మీద కృష్ణ దాటాం. మా నడిగడ్డ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక పక్క కృష్ణ, ఒక పక్క తుంగభద్ర. మధ్యలో మేము, దాహంతో. రెండు నదుల మధ్య ఉండి బిందె నీళ్ళకి పోట్లాడుకున్న జనం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారో లేదో! ఈ ప్రాంతమంతా అంతే. అందుకే కాబోలు, ఇక్కడి రాజులు చెరువు తవ్విస్తే దాన్ని చెరువు అనలేదు, సముద్రం అన్నారు. వనపర్తి సంస్థానంలో సప్త సముద్రాలు, శ్రీరంగాపురం గుడి చుట్టూ రంగసముద్రం, నాగర్‌కర్నూలులో కేసరిసముద్రం. అసలు సముద్రం చూడాలంటే బందరు దాకా పోవాలి గనక, ఉన్నవాటికే ఆ పేరు పెట్టుకుని తృప్తిపడ్డాం. అలాంటి చోట, నీళ్ళే పోయని బండి నీళ్ళు కారుస్తోందంటే ఎవరైనా ఆలోచించాల్సిన విషయమే. కానీ ఆ రోజు మాకు ఆలోచన లేదు, దిగులు తప్ప.

పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాం. చిన్నాయన వాకిట్లోనే ఉన్నాడు. ఆయన పాలిటెక్నిక్ చదువు చదివినవాడు. వనపర్తి రాజాగారి భవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. రాజులు దర్బారు చేసిన కట్టడంలో రైతుబిడ్డలు డ్రాయింగు బల్లలు వేసుకుని గీతలు గీశారన్నమాట. తొలి రోజుల్లో అక్కడ మెకానికల్ చదివినవాళ్ళలో చిన్నాయన ఒకడు. సంస్థానాలు పోయినందుకు బాధపడేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళని ఒకసారి ఆ భవనం దగ్గరికి తీసుకెళ్ళి, సంచీలు తగిలించుకుని లోపలికి వెళ్తున్న పిల్లల్ని చూపించాలనిపిస్తుంది.

మా వారు సంగతంతా చెప్పారు. చిన్నాయన బండి వెనక్కి వెళ్ళి చూశాడు. "ఏదిరా, నీళ్ళేవి?"

చూస్తే చుక్క లేదు. గొట్టం ఎండిపోయి ఉంది. ఇంజను నడుస్తుండగానే చిన్నాయన చెంబులో నీళ్ళు రెండు చుక్కలు సైలెన్సర్ మీద చిలకరించాడు. చుయ్యిమని ఆవిరైపోయాయి. ఆయన అరుగు మీద కూర్చుని మా వారిని ఒక ప్రశ్న అడిగాడు. అంత చిన్న ప్రశ్న మాకెవరికీ అన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అల్లుడా, లారీకి రేడియేటర్ల నీళ్ళు పోస్తరు. కారుకు పోస్తరు. ఈ బండికి ఏడ పోస్తర్రా?"

మా వారు నోరు తెరిచి మూసుకున్నారు. నిజమే! బుల్లెట్టు ఇంజను గాలికే చల్లారుతుంది. సిలిండరు చుట్టూ ఆ రెక్కలున్నది అందుకే. దానికి రేడియేటరు లేదు, నీళ్ళ గది లేదు, నీటి గొట్టం లేదు. ఏ గ్యాస్కెట్ పోయినా లోపలికి దిగడానికి నీళ్ళుంటే కదా!

"మరి ఆ నీళ్ళెక్కడివి చిన్నాయనా?" అన్నాను.

"పెట్రోలుల కెళ్ళి" అన్నాడాయన.

బంకువాడు నీళ్ళు కలిపాడా అని మా వారి అనుమానం. అదీ కాదన్నాడు. "కలిసిన నీళ్ళు కావురా. కాలితే పుట్టిన నీళ్ళు. బిడ్డా, నువ్వు రా, నీకు పొయ్యి కాడ చూపిస్త" అని నన్ను వంటింట్లోకి పిలిచాడు. ఒక స్టీలు గిన్నె బాగా తుడిచి, కుళాయి నీళ్ళు పోశాడు. మంచు నీళ్ళు కాదు సుమా, మామూలు నీళ్ళే. గ్యాసు వెలిగించి గిన్నె పెట్టి, పది పన్నెండు లెక్కపెట్టి పైకెత్తాడు. గిన్నె అడుగంతా చెమట పట్టినట్టు సన్నటి నీటి బొట్లు! ఒకటి రెండు మంట మీద పడి చుర్రుమన్నాయి.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కొత్తగా గ్యాసు పొయ్యి వచ్చిన రోజుల్లో, కొత్త గిన్నె కారుతోందని కొట్లో తిరిగిచ్చేసి పోట్లాడి వచ్చినదాన్ని నేను. ఆ కొట్టాయన పాపం గిన్నెలో నీళ్ళు పోసి ఎంతసేపు చూపించినా నేను ఒప్పుకోలేదు. పొయ్యి మీద పెట్టి చూపించమన్నాను. కొట్లో పొయ్యెక్కడిది? గెలిచి వచ్చాననుకున్నాను.

బాగా రాజుకున్న బొగ్గుల కుంపటి మీద ఈ చెమట దాదాపు కనిపించదట. బొగ్గులో ఉన్నది బొగ్గే. గ్యాసులో, కిరసనాయిల్లో, పెట్రోల్లో బొగ్గుతో పాటు ఉదజని కూడా కలిసి ఉంటుంది. మంటలో బొగ్గు గాలిలోని ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువవుతుంది. ఉదజని అదే ఆమ్లజనితో కలిసి నీరవుతుంది. ఆ నీరు వేడిమీద ఆవిరిగా ఉండి మన కంటికి కనపడదు. చల్లటి గిన్నె అడుగో, చల్లటి సైలెన్సర్ గోడో తగిలితే నిలబడి బొట్టు కడుతుంది. అంతే సంగతి.

ఆ రోజు చిన్నాయన అల్మారాలోంచి ఓ పాత ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. మైకేల్ ఫారడే కొవ్వొత్తి మీద చేసిన ఉపన్యాసాలు. దాన్ని పట్టుకుని, ఆ తర్వాత దొరికినవన్నీ చదువుతూ పోతే తెలిసింది, మంటలోంచి నీరు పుడుతుందని మనిషి ఒప్పుకోవడానికి ఎంత కాలం పట్టిందో!

పూర్వం అన్ని దేశాల్లోనూ నీరు పంచభూతాల్లో ఒకటి, దాన్ని విడగొట్టేదీ తయారుచేసేదీ లేదు అనుకునేవారు. మన తైత్తిరీయోపనిషత్తులో సృష్టి క్రమం చెబుతూ అగ్ని నుంచి నీరు పుట్టిందన్నారు. మామయ్యగారు రోజూ చదివేవారు. ఈ మాట చెప్పగానే "చూశావా, మనవాళ్ళు అన్నీ ముందే చెప్పారు" అనేవాళ్ళుంటారు. వాళ్ళతో నాకు పేచీ. ఆ ఋషి చెప్పింది భూతాల పుట్టుక గురించి, పెట్రోలు గురించి కాదు. ఆయన గొప్పతనం ఆయనకుంది. దానికి సైలెన్సర్ సాక్ష్యం అక్కర్లేదు.

1780 ప్రాంతాల్లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ, ఆయన మిత్రుడు వార్ల్‌టైర్, మూసిన పాత్రలో 'మండే గాలి'ని మామూలు గాలితో కలిపి నిప్పురవ్వతో పేల్చారు. పాత్ర గోడల మీద చెమ్మ కనిపించింది. చూసి కూడా, గాలిలో ఉన్న తేమే కాబోలు అనుకున్నారు. మా మెకానిక్‌ని నేను పెద్దగా తప్పు పట్టకపోవడానికి కారణం ఇదే. అంతటివాళ్ళకే కంటి ముందున్న నీటి చుక్క అర్థం కాలేదు.

దాన్ని పట్టుకున్నవాడు హెన్రీ కావెండిష్. కోటీశ్వరుడు, పరమ సిగ్గరి. ఆడవాళ్ళంటే మరీ భయం. భోజనానికేం కావాలో పనిమనిషితో చెప్పలేక చీటీ రాసి బల్ల మీద పెట్టేవాడని, మెట్ల మీద ఎదురుపడకుండా వెనక వేరే మెట్లు కట్టించుకున్నాడని చెప్పుకుంటారు. ఇంట్లో మనిషితో మాట్లాడలేనివాడు ఆ చెమ్మని మాత్రం వదిలిపెట్టలేదు. 1781లో మొదలుపెట్టి, మళ్ళీ మళ్ళీ పేల్చి, వచ్చిన నీటిని పోగుచేసి, తూచి, రుచి కూడా చూసి, ఇది శుద్ధమైన నీరేనని 1784లో ప్రకటించాడు. ఫ్రాన్సులో లవోయిజియే 1783లో అదే ప్రయోగం చేసి, ఇంకో అడుగు ముందుకేసి, నీరు మూలపదార్థం కాదు, రెండిటి కలయిక అన్నాడు. ఆ మండే గాలికి నీటిని కనేది అనే అర్థం వచ్చే గ్రీకు పేరు పెట్టారు. హైడ్రోజన్. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉదజని అన్నారే, అదీ అదే అర్థం. ఎంత చక్కటి మాట! చిన్నప్పుడు బట్టీ పట్టాను కానీ, ఆ పేరులోనే కథంతా ఉందని వాకిట్లో ముగ్గు పాడైతే గాని తెలియలేదు. అన్నట్టు, లవోయిజియే పుస్తకానికి బొమ్మలన్నీ గీసింది ఆయన భార్య. ఆయనకి రాని ఇంగ్లీషు నేర్చుకుని, పుస్తకాలు అనువదించి పెట్టింది కూడా ఆవిడే. 1794లో ఆయన తల తీయించింది ఫ్రెంచి విప్లవం. ఆయన రాతలు అచ్చు వేయించడానికి ఆవిడ మిగిలింది.

ఇక నేను చెప్తానన్న ఇల్లాలు. పేరు జేన్ మార్సెట్. లండను డాక్టరు భార్య. విజ్ఞాన ఉపన్యాసాలు వినడానికి వెళ్తే సగం అర్థమయ్యేది కాదట. ఇంటికొచ్చి స్నేహితులతో మాట్లాడుకుంటే అర్థమయ్యేది. తనలాంటి ఆడవాళ్ళ కోసం, ఒక టీచరమ్మ, ఇద్దరు ఆడపిల్లలు మాట్లాడుకుంటున్నట్టు, 1805లో రసాయన శాస్త్ర సంభాషణలు అని పుస్తకం రాసింది. మొదట్లో తన పేరు కూడా వేసుకోలేదు. అది ఎన్ని ముద్రణలు పొందిందో! అదే కాలంలో లండన్‌లో ఓ కమ్మరి కొడుకు పుస్తకాలు బైండు చేసే కొట్లో పనికి కుదిరాడు. బైండు చేయడానికి వచ్చిన పుస్తకాలు చదువుకునేవాడు. వాటిలో మార్సెట్ పుస్తకం ఒకటి. ఆ కుర్రవాడే ఫారడే. తన రసాయన శాస్త్రానికి ఆవిడే తొలి గురువని పెద్దవాడయ్యాక చెప్పుకున్నాడు. మన వంటింటి దీపం దగ్గర్నుంచి కరెంటు మోటారు దాకా ఆయన చెయ్యి పడని వస్తువు తక్కువ. ఆయన వెనక ఉన్నది ఆడవాళ్ళ కోసం ఒక ఆడది రాసిన పుస్తకం.

ఆ ఫారడే 1860 క్రిస్మసు సెలవుల్లో పిల్లలకి కొవ్వొత్తి గురించి ఉపన్యాసాలిచ్చాడు. మంచూ ఉప్పూ కలిపి నింపిన గిన్నెని మంట మీద పట్టి, కింద చేరిన నీటి బొట్టుని వాళ్ళకి చూపించాడు. అది నీరేనని రుజువు చేయడానికి దాని మీద పొటాషియం ముక్క వేసి మండించాడు. శేరు నూనె కాలిస్తే శేరు కంటే కొంచెం ఎక్కువే నీరొస్తుందని అప్పుడే చెప్పాడు. చిన్నాయన వంటింట్లో నేను చూసింది అదే ఆట. పాత్రలు మారాయంతే.

పెట్రోలు లెక్క కూడా చిన్నాయన వేసి చూపించాడు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అందులో ఏడో వంతు ఉదజని, అంటే నూరు గ్రాములు దాటి. ఒక గ్రాము ఉదజని గాలిలోంచి ఎనిమిది గ్రాముల ఆమ్లజనిని పట్టుకుని తొమ్మిది గ్రాముల నీరవుతుంది. కలుపుకుంటే తొమ్మిది వందల గ్రాములు దాటుతుంది. ఇంచుమించు లీటరుకి లీటరు! ఇన్నేళ్ళూ మామయ్యగారు ఈ మూడు తాలూకాల ఎండిపోయిన రోడ్ల మీద చెంబుల కొద్దీ నీళ్ళు చల్లుకుంటూ తిరిగారన్నమాట. ఆవిరిగా పోయింది గనక ఎవరూ చూడలేదు.

ఈ నీటిని పట్టి వాడుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికా నౌకాదళానికి 1931లో అక్రాన్, 1933లో మేకన్ అని రెండు పెద్ద గాలి ఓడలుండేవి. ఒక్కొక్కటి 785 అడుగుల పొడుగు. హీలియం నింపి గాలిలో తేల్చేవారు. దాంతో ఒక చిక్కొచ్చింది. ఇంజన్లు పెట్రోలు తాగేకొద్దీ ఓడ బరువు తగ్గి పైపైకి లేచిపోతుంది. దించాలంటే హీలియం వదిలేయాలి. అది బంగారమంత ప్రియం. అప్పుడు ఇంజన్ల పొగని ఓడ పక్కన అమర్చిన పలకల్లోంచి పంపి, చల్లార్చి, నీటిని పట్టి తొట్లలో నింపుకున్నారు. కాల్చిన పెట్రోలు బరువు నీటి రూపంలో తిరిగొచ్చేసింది. పాత ఫోటోల్లో ఆ ఓడల పక్కన నిలువు చారలు కనిపిస్తాయి, అవే ఆ పలకలు. పాపం, రెండు ఓడలూ తుఫాను గాలులకి కూలిపోయాయి, 1933లో ఒకటి, 1935లో ఒకటి. మన మిద్దె మీంచి చూస్తే చాలా ఎత్తున పోయే విమానం వెనక తెల్లటి గీత కనిపిస్తుంది చూడండి, అదీ ఈ సైలెన్సర్ నీళ్ళే. పైన చలికి మంచు రేణువులై గీత కడుతుంది.

సరే, వనపర్తి అరుగు మీదికి వద్దాం. సందేహం తీరింది గానీ చిన్నాయన ముఖం తేలిక పడలేదు. "బండి పొద్దుగాల ఎంతసేపు నడుపుతవ్?" అని అడిగాడు. మా వారు నియమం సంగతి చెప్పారు. రెండు నిమిషాలు, రోజూ, నాలుగేళ్ళుగా.

చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. సైలెన్సర్ గోడ సుమారు 50 డిగ్రీల వేడి దాటేదాకా ఆవిరి లోపలే నీరై నిలుస్తుంది. రెండు నిమిషాల్లో అది దాటదు. పైగా ఆ నీళ్ళు ఉత్త నీళ్ళు కావు. పొగలోని పులుసు వాయువులు కలిసి పుల్లబడి ఉంటాయి. ఇనుముని లోపల్నుంచి తింటాయి. ఇంజను ఆయిల్లోకి కూడా ఆ ఆవిరి దిగుతుంది. ఆయన ఆయిలు మూత తీసి చూపిస్తే, మూత అడుగున మజ్జిగ మీగడలా తెల్లగా పేరుకుని ఉంది. "దూరం పోతే అంతా ఎండిపోతది. రోజూ రెండు నిమిషాలు తిప్పి ఆపుడంటే, రోజూ దాని కడుపుల చెంచాడు నీళ్ళు పోసి మూత పెట్టినట్టే."

మా వారు బండి వంక చూస్తూ ఉండిపోయారు. తండ్రి మీద ప్రేమతో, ఒక్కరోజు తప్పకుండా, ఆ బండిని లోపల్నుంచి తుప్పు పట్టించింది తనేనని ఆయనకి తెలిసిన క్షణం అది. నేను ఏదో అనబోతే చిన్నాయన కళ్ళతోనే వద్దన్నాడు.

కాసేపటికి ఆయనే అడిగారు. "నాయనకి ఈ సంగతి తెలుసా మామా?"

"తెలుసు. నేను సదువుకునేటప్పుడే ఇదే అరుగు మీద చెప్పిన బావకు. అందుకే గద ఆదివారం ఆదివారం ఇక్కడిదాక వస్తుండె." చిన్నాయన నవ్వాడు. "అక్క చేతి వంట తప్పించుకునేటందుకు గూడ అనుకో."

భోజనాలు చేసి, చీకటి పడకముందే నాగర్‌కర్నూలు వెళ్ళి రావాలన్నారు మా వారు. అమ్మడానికేనా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. గోపాల్‌పేట దాటి నాగర్‌కర్నూలు చేరేసరికి ఎండ వాలుతోంది. ఆ కొనేవాడి షెడ్డు ముందు నుంచే వెళ్ళాం. మా వారు బండి ఆపలేదు, తల కూడా తిప్పలేదు. నేరుగా కేసరిసముద్రం కట్ట మీదికి పోనిచ్చి అక్కడ ఆపారు. నీళ్ళ మీద కొంగలు వాలుతున్నాయి. ఆపిన బండి చల్లారుతూ టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తోంది. "ఇక్కడిదాకా తీసుకొచ్చేవాడు నాయన నన్ను, దసరా సెలవుల్లో" అన్నారు. నాలుగేళ్ళలో ఆయన కళ్ళు తడవడం అప్పుడే చూశాను.

సైలెన్సర్ మాత్రం తినేసి ఉంది. తర్వాతి వేసవిలో అడుగున రంధ్రం పడితే కొత్తది వేయించాం. ఇంజను విప్పనే లేదు, ఆయిలు మార్చాం అంతే. పిల్లవాడి హాస్టలు ఫీజుకి నా గాజులు రెండు బ్యాంకుకి వెళ్ళాయి. ఆ బండికి బంగారం తినే అలవాటు అత్తమ్మ నాటి నుంచీ ఉన్నదే. విడిపించుకున్నాను లెండి.

ఒక మాట చెప్పకపోతే పొరపాటవుతుంది. రేడియేటరు ఉన్న కార్ల విషయం వేరు. వేడెక్కిన తర్వాత కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్లో నీళ్ళు తరిగిపోతుంటే అప్పుడు మెకానిక్ మాట వినాల్సిందే. చలి పొద్దున పది నిమిషాలు కారి ఆగిపోయే చుక్కలకి మాత్రం భయపడకండి. పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు, 2025 నాటికి అయిదో వంతు దాకా వచ్చింది. అది కాలినా నీళ్ళే పుడతాయి. పాత బండ్ల రబ్బరు గొట్టాలకి అది పడదని మా అబ్బాయి గొణుగుతుంటాడు.

బండి ఇప్పుడు వాడి చేతిలో ఉంది. 2021లో ప్రభుత్వం కొత్త నిబంధనలు తెచ్చి, యాభై ఏళ్ళు దాటి అసలు రూపు చెడకుండా ఉన్న బండ్లకి వింటేజ్ అని ప్రత్యేకమైన నంబరిస్తామంది. తీసుకోరా, గౌరవంగా ఉంటుంది అన్నాన్నేను. "వద్దమ్మా, ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఆదివారాలు ఎట్లా?" అన్నాడు. హైదరాబాదు నుంచి నెలకి రెండు ఆదివారాలు అందుకోసమే వస్తాడు. మమ్మల్ని చూడటానికని చెబుతాడనుకోండి.

ధనుర్మాసంలో వాడు వచ్చే రోజున ముగ్గు గడప వైపుకి రెండు గజాలు జరిపి వేస్తాను.